మబ్బు ఫొటోలో బతికిన పసుపు

పోయినవారం లోకేశ్వరిని మనం బంగారుపాళ్యంలో, రాజారత్నం గారి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో, ఆయన ఫోను చేతికిచ్చి నిలబెట్టి వచ్చేశాం. ఆ ఫోనులో ఉన్నవి చిత్తూరు శ్రీరంజని డిజిటల్స్ వాళ్లు తీసిన పెళ్లి ఫొటోలు. తీసింది వాళ్లే, రంగులు మాత్రం లోకేశ్వరివి. తిరుపతిలో ఆమె, ఆమె స్నేహితురాలు మోహన కలిసి నడుపుతున్న లోకమోహన స్టూడియోకి పేరు తెచ్చిపెట్టిన రంగులవి. మోహన కెమెరా పడితే లోకేశ్వరి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. "మీరు వాళ్లను చూసి చేస్తా ఉండారా, వాళ్లు మిమ్మల్ని చూసి చేస్తా ఉండారా పాపా?" అని రాజారత్నం అడిగారు.

కూతురి పెళ్లి పని ఎవరికిచ్చేదీ సోమవారం తిరుపతికి వచ్చి చెబుతానన్నారాయన. హైవే పొడుగునా ఆయన చుట్టాల తోటలే. ఈ అమ్మాయి వేరేవాళ్ల పని కాపీ కొడుతుందని ఆయన ఒక్క మాటంటే చాలు, ఆ పక్క ఇళ్లలో లోకేశ్వరిని గడప తొక్కనివ్వరు. డబ్బు సంగతి అటుంచండి, పేరు పోతుంది. అందుకే సోమవారం లోపల దొంగను పట్టుకోవాలని ఆమె పట్టుబట్టింది.

ఆమె దృష్టిలో దొంగ ఒక్కడే, సుకుమార్.

రెండేళ్లు తన దగ్గర పని నేర్చుకుని, కిందటేడు మాటా మాటా పెరిగి మానేసి వెళ్లిపోయిన మనిషి. ఏర్పేడులో ఇల్లు. ఆ పక్కనే ఉన్న కాలేజీ క్యాంపస్ పిల్లల ఫంక్షన్లకు ఫొటోలు తీసుకుంటూ బతుకుతున్నాడు. ఆదివారం చర్చి అయ్యాక ఇంట్లోనే ఉంటాడని ఆమెకు తెలుసు. రేణిగుంట దాటినప్పటి నుంచి స్కూటీ మీద తిట్లన్నీ వరసగా పేర్చుకుంటూ వచ్చింది. ఒకటి రెండు పైకే అనేసింది కూడా. పక్కన పోతున్న మోటార్ సైకిలాయన తనను అంటోందేమోనని వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటి ముందు బండి ఆపేసరికి సుకుమార్ తల్లి గ్రేసీ గుమ్మంలోనే ఎదురైంది.

"రామ్మా లోకేశ్వరీ. ఎన్నాళ్లయింది నిన్ను చూసి. లోపలికి రా, సంగటి దింపుతా ఉండా" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ఫ్యాను కింద కుర్చీ వేసి, చెంబుడు నీళ్లు చేతిలో పెట్టింది. ఇట్లాంటి చోట తిట్లు ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరికి తెలుస్తుంది? లోకేశ్వరి నీళ్లు తాగింది.

చర్చికి వేసుకున్న తెల్లచొక్కా ఇంకా విప్పకుండానే సుకుమార్ లోపలి గదిలోంచి వచ్చాడు. "ఏమక్కా, దోవ తప్పినావా?"

"నేను తప్పలేదు లే. ఇవి సూడు" అని రాజారత్నం పంపిన ఫొటోలు తీసి ఫోను చేతికిచ్చింది.

వాడు ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. ఆమె ఫొటోలను చూడలేదు, వాడి ముఖాన్నే చూసింది. రెప్పలు కొట్టుకోలేదు, గుటకలు వేయలేదు. దొంగలకు అభ్యాసం ఉంటుంది కదా అనుకుంది.

"బాగుండాయి. ఎప్పుడు చేసినావు?" అన్నాడు.

"నేను చేయలేదు."

"మరెవరు?"

"అది అడగడానికే వచ్చినా."

సుకుమార్ ఫోను బల్ల మీద పెట్టాడు. మాట అర్థమయ్యాక వాడి ముఖం ఎర్రబడింది. "నేను చేసి చిత్తూరోళ్లకి ఇచ్చినాననా?"

"వాళ్ల తావ పని చేస్తా ఉండావని విన్నా."

"ఒక పెళ్లికి కెమెరా పట్టినా, అంతే. ఎడిటింగ్ నా చేతికి ఇయ్యలా."

"నా ప్రీసెట్ నీ తావ ఉండాది కదా?"

"ఉండాది. లేదని యాడ చెప్పినా? పోయేటప్పుడు నువ్వు అడగలేదు, నేను తుడపలేదు."

లోకేశ్వరికి ఒక్క క్షణం సంతోషం వేసింది. దొరికాడనుకుంది. అంత తేలిగ్గా ఒప్పుకునేవాడు దొంగ ఎట్లా అవుతాడని కూడా వెంటనే అనుకోవాల్సి వచ్చింది. అనుమానంతో ఉన్న సుఖం, కష్టం రెండూ ఇవే. ఏ మాట విన్నా అటూ సరిపోతుంది, ఇటూ సరిపోతుంది.

ఇక్కడ ఆ రంగుల సంగతి రెండు ముక్కల్లో చెప్పకపోతే కథ ముందుకు నడవదు. దాన్ని కుర్రకారు మూడీ ఎడిటింగ్ అంటారు. మన పక్క పెద్దవాళ్లు మబ్బు ఫొటోలు అంటారు. పెద్దవాళ్లు పెట్టిన పేరే నాకు నచ్చింది. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన ఫొటోను వాన వచ్చే ముందు తీసినట్టు మార్చడమే ఈ విద్య. వెలుగు తగ్గిస్తారు. నలుపును పూర్తిగా నల్లబడనివ్వకుండా పొగరంగు దగ్గర ఆపుతారు. ఆకుల పచ్చదనం చంపేస్తారు. మనుషుల ఒంటిరంగును మాత్రం వెచ్చగా ఉంచుతారు. లైట్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ ఒకసారి సరిచేసుకుని ప్రీసెట్‌గా దాచుకుంటే తర్వాత ఒక్క నొక్కుతో ఏ ఫొటోకైనా పట్టించవచ్చు.

చిక్కంతా పసుపుతోనే. ఆకుపచ్చలో సగం పసుపే కాబట్టి ఆకును చంపాలంటే పసుపు రంగును తగ్గించాలి. తగ్గిస్తే ఆకుతో పాటు పెళ్లిలో ఉన్న పసుపంతా చస్తుంది. లోకేశ్వరి మొట్టమొదటి మబ్బు ఆల్బమ్‌ను కాణిపాకం పక్క ఒక ఇంటికి తీసుకుపోతే, పెళ్లికూతురి అవ్వ దేవకమ్మ అద్దాలు పెట్టుకుని తాళి కట్టే ఫొటో దగ్గర ఆగిపోయింది. "ఏమ్మా, తాళి దారం మసి పట్టినట్టుండాదే. ఇది పెండ్లా, ఇంకేమన్నానా?" అని ఆల్బమ్ మూసి పక్కకు తోసేసింది. ఆ ఇంట్లో ఆ తర్వాత ఎవరూ దాన్ని తెరవలేదు. ఆ రోజు లోకేశ్వరి పక్కన ఉండి ఆ మాటలు పడింది మోహన ఒక్కతే.

అప్పటి నుంచి లోకేశ్వరి ప్రీసెట్ పట్టించాక ప్రతి ఫొటోలో తాళి దారం, కాళ్ల పసుపు, అక్షింతలు చేత్తో విడిగా గుర్తుపెట్టి, వాటి పసుపు వాటికి తిరిగి ఇస్తుంది. ఫొటో అంతా మబ్బు పట్టి ఉంటుంది, తాళి మాత్రం వెలుగుతుంది. అవ్వలకూ నచ్చింది, మనవరాళ్లకూ నచ్చింది. స్టూడియోకి పేరు వచ్చింది దానితోనే. ఆ పని ప్రీసెట్‌లో లేదు. ఆమె చేతిలో ఉంది. చిత్తూరు వాళ్ల ఫొటోల్లోనూ తాళి వెలుగుతోంది.

సుకుమార్ లోపలికి వెళ్లి లాప్‌టాప్ తెచ్చాడు. క్యాంపస్ దగ్గర ఎవరిదో పెళ్లిలో తాను తీసిన ఫొటో ఒకటి లైట్‌రూమ్‌లో తెరిచి, లోకేశ్వరి ప్రీసెట్ నొక్కాడు. అరటాకులు వెలవెలబోయాయి, పందిరి పొగచూరింది, పెళ్లికొడుకు చేతిలోని దారం ముదురు గోధుమరంగుకు తిరిగింది.

"సూడు. నీ సరుకుతో నేను చేస్తే ఇదీ" అన్నాడు. తర్వాత అదే ఫొటోను ఫోనులోకి పంపుకుని స్నాప్‌సీడ్ యాప్‌లో, ప్రీసెట్ లేకుండా, కంటి చూపుతో చేశాడు. వెలుగును పెంచి తగ్గించే గీతను కిందికి వంచి, ఒక చివర పైకెత్తి, రంగు తగ్గించి, వెచ్చదనం సర్ది చూపించాడు. మబ్బు అచ్చం అట్లాగే పట్టింది. దారం ఇందులోనూ చచ్చింది.

"రెండిట్లోనూ పసుపు పాయె. చిత్తూరోళ్ల దాంట్లో పోలేదు. అది నువ్వు ఎట్లా చేస్తావో నాకు ఎప్పుడన్నా చూపించినావా అక్కా? ఆ పని మొదలుపెట్టే ముందు నన్ను టీకి పంపిస్తా ఉంటివి. తిరుపతిలో నేను తాగినంత టీ ఇంకెవరూ తాగుండరు."

లోకేశ్వరికి సిగ్గేసింది. వాడు చెప్పింది నిజమే. సిగ్గేసినంత మాత్రాన అనుమానం పోతుందా? "తెలిసి కూడా కావాలనే చంపి చూపిస్తా ఉండావేమో" అంది.

"నీతో కష్టం అక్కా." సుకుమార్ విసుక్కున్నాడు గాని వదిలిపెట్టలేదు. ఆమె ఫోను మళ్లీ తీసుకుని, చిత్తూరు ఫొటోలో తాళి ఉన్నచోట వేళ్లతో పెద్దది చేశాడు. "ఈడ సూడు. నీ ఫొటోల్లో దారం అంచు కోసినట్టు ఉంటాది. దీంట్లో పసుపు మెడ మీదకి రొంత కారింది. ఇది లైట్‌రూమ్ పని కాదు, ఫొటోషాప్ మాదిరి ఉండాది. పైన మబ్బు పొర ఒకటి వేసి, దారం ఉన్నంత మేర ఆ పొరను బ్రష్‌తో రుద్ది తీసేసినారు. కింద ఉండే అసలు పసుపు బయటికి వచ్చింది. బ్రష్ అంచు మెత్తగా పెట్టుకున్నారు కాబట్టి కారింది. చేయి కుదరని వాళ్లు మెత్తగా పెట్టుకుంటే తప్పు కనపడదని నేనే..."

అక్కడ ఆగిపోయాడు.

లోకేశ్వరి ఫొటోలోకి వంగి చూసింది. నిజంగానే పెళ్లికూతురి మెడ మీద దారం చుట్టూ పసుపు పరుచుకుని ఉంది. మామూలు కంటికి అది తప్పుగా కనపడదు. పెళ్లికూతురి మెడకు పసుపు పూసి ఉంటారు కదా, అదే అనుకుంటారు ఎవరైనా. ఇంతవరకూ తాను కూడా అదే అనుకుంది.

"నువ్వే ఏమి?" అంది.

"ఏం లేదు లే."

"ఎవరికి చెప్పినావు సుకుమార్?"

వాడు లాప్‌టాప్ మూత వేశాడు. మళ్లీ తీశాడు. ఏ ప్రశ్నకూ తడబడని మనిషి ఈ ఒక్క ప్రశ్నకు గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు. లోకేశ్వరి కుర్చీలో ముందుకు జరిగింది. చిత్తూరు వాళ్ల పేరు ఏదో బయటికొస్తుందని, దాంతో తన అనుమానం తీరుతుందని ఎదురుచూసింది.

జవాబు వంటింట్లోంచి వచ్చింది. "మోహనమ్మకే కదరా. ఏంటికి దాస్తావు? పాపం ఆ పిల్ల ఆ పెన్ను పట్టుకోని ఎన్ని తంటాలు పడిందో. ఆదివారం ఆదివారం వచ్చి, నేను పెట్టిన సంగటి తిని, పొద్దుగూకే దాకా కూసుంటా ఉండె" అంది గ్రేసీ, గిన్నెలు సర్దుకుంటూనే.

లోకేశ్వరి చెవిన పడిన మాట లోపలికి పోవడానికి టైం పట్టింది.

కంప్యూటర్ ముందు కూర్చుంటే తలనొప్పి అనే మోహన. ఫొటోలు తీసి కార్డు చేతిలో పెట్టి, "ఇంగ నీ పాట్లు నువ్వు పడు మే" అని వెళ్లిపోయే మోహన. ప్రతి ఆదివారం శ్రీకాళహస్తిలో వాళ్లమ్మ వసంతమ్మ దగ్గరికి పోతున్నానని చెప్పే మోహన. వసంతమ్మకు మోకాళ్ల నొప్పులని లోకేశ్వరి తానే అంగడికి పోయి నూనె సీసాలు కొని ఆమె సంచిలో పెట్టేది. శ్రీకాళహస్తికి పోయే దోవలోనే ఏర్పేడు. బస్సు దిగాల్సిన చోటు ఒకటి ముందు, అంతే తేడా.

"పెన్ను ఏంది?" అని అడిగింది.

సుకుమార్ ఇక దాచలేదు. బీరువా మీది నుంచి పలకలాంటి పెన్ టాబ్లెట్ ఒకటి దించి బల్ల మీద పెట్టాడు. కంప్యూటర్‌కు తగిలించి పెన్నుతో దాని మీద గీస్తే స్క్రీన్ మీద బ్రష్ నడుస్తుంది. "మోహనక్కదే. తిరుపతికి తీసుకుపోతే నువ్వు చూసి అడుగుతావని ఈడే పెట్టి పోతా ఉంటాది."

ఇట్లాంటిదే ఒకటి కొందామని లోకేశ్వరి పోయిన దసరా ముందు అడిగితే, "మనకేంటికి మే అది, మౌస్‌తో బాగానే చేస్తా ఉండావు కదా" అని కొట్టిపారేసింది మోహన. లోకేశ్వరికి ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. మౌస్‌తో దారాల అంచులు గీసి గీసి తన మణికట్టు వాచిపోతే, రాత్రి కట్టు కట్టింది ఈ మోహనే.

"నీతో ఏం చెప్పి నేర్చుకునింది?"

"మబ్బు పొరలోంచి ఒక వస్తువును మాత్రం బయటికి తీయాలంటే ఎట్లా అని అడిగింది. ఏ వస్తువు అని నేను అడగలా. ఆయమ్మ పూలమీద, గాజులమీద రుద్ది చూపిస్తా ఉండె. మీ స్టూడియోకే అనుకున్నా. నీ పుట్టినరోజుకి చేసి చూపిస్తాను, లోకకి చెప్పొద్దు అనింది. అందుకే గమ్మునుండా."

"నా పుట్టినరోజు ఎప్పుడో అయిపోయింది."

"నాకేం తెలుసక్కా? మీరిద్దరూ ఒకటే అనుకుంటిని."

వాడి గొంతులో బాధ ఉంది. ఆ బాధను కూడా లోకేశ్వరి ఒకసారి తిప్పి చూసింది. మోహన, వీడు కలిసి ఆడుతున్నారేమో. తప్పంతా మోహన మీదికి తోసి వీడు తప్పుకుంటున్నాడేమో. అయితే గ్రేసీ అబద్ధమాడదు. ఆ టాబ్లెట్ వెనక అంటించిన చిన్న బొట్టుబిళ్ల కూడా అబద్ధమాడదు. తన వస్తువు అని తెలియడానికి కెమెరా బ్యాటరీలకు మోహన అంటించే బిళ్లలు అవే.

మోహన ఎందుకు ఇట్లా చేసింది? డబ్బు కోసమా? అడిగితే వాటా పెంచి ఇచ్చేదే. పేరు కోసమా? స్టూడియో పేరులో సగం ఆమెదే. జనం మాత్రం "ఆ మబ్బు రంగుల పిల్ల" అని లోకేశ్వరినే అంటారు. ఫొటో తీసిన మనిషిని ఎవరూ అడగరు. ఈ సంగతి లోకేశ్వరికి ఇంతకు ముందు ఎప్పుడూ తట్టలేదు. ఇప్పుడు తట్టినా జాలి వేయలేదు.

గ్రేసీ సంగటి ముద్ద, కోడికూర పళ్లెంలో పెట్టి తెచ్చింది. "తినకుండా పోతే నా మీద ఒట్టే" అంది. లోకేశ్వరి రెండు ముద్దలు మింగింది. రుచి తెలియలేదు. చెయ్యి కడుక్కుని, "ఆ టాబ్లెట్ ఇయ్యి, నేను తీసుకుపోతా" అంది.

"వద్దక్కా. ఆయమ్మ వచ్చి అడిగితే నేను ఏం చెప్పాల?"

"లోక వచ్చినాదని చెప్పు."

"అది మీరూ మీరూ తేల్చుకోండి. నన్ను మధ్యలో పెట్టొద్దు" అని టాబ్లెట్ మళ్లీ బీరువా మీదికి ఎక్కించాడు సుకుమార్. ఆమె గట్టిగా అడగలేదు. అడిగే హక్కు తనకు లేదనిపించింది. ఒకటి మాత్రం అడిగింది. "రేపు రాజారత్నం సారు వస్తారు. ఇప్పుడు నాకు చెప్పినవన్నీ ఆయన ముందర చెప్తావా?"

"నిజమే కదా, చెప్తా. దాంతో నీ పని నిలబడితే సంతోషమే. మోహనక్క బతుకు కూడా చూసుకో" అన్నాడు.

లోకేశ్వరి బయటికి వచ్చి స్కూటీ తీసింది. మెయిన్ రోడ్డు మీదికి వచ్చాక ఒక టైర్ల అంగడి పక్కన నీడ చూసి ఆపింది. ఒకవైపు తిరుపతి, ఒకవైపు శ్రీకాళహస్తి. మోహన పొద్దున్నే వాళ్లమ్మ దగ్గరికని బయలుదేరింది. నేరుగా ఆ ఇంటికే పోయి, వసంతమ్మ ముందరే అడిగేస్తే? ఎదుటపడి అడిగితే మోహన తన కళ్లలోకి చూసి అబద్ధం చెప్పలేదు. చెప్పలేదనే ఇన్నాళ్లూ నమ్మింది. ఆమె నిజంగా అక్కడే ఉందో లేదో ముందు తేల్చుకోవాలని ఫోను చేసింది.

రెండు రింగులకే మోహన ఎత్తింది. "చెప్పు లోకా."

"యాడుండావు మే?"

"నువ్వు యాడుండావు?"

ఏర్పేడు అంటే మోహనకు అన్నీ తెలిసిపోతాయి. జవాబులు సిద్ధం చేసుకుంటుంది. అసలు విషయం బయటపడకూడదని, ఒక పూటకే కదా అని, లోకేశ్వరి గొంతు సర్దుకుంది. "స్టూడియోలోనే. ఆల్బమ్ పని మిగిలుంటే వచ్చినా."

లోకేశ్వరి పక్కనుంచే ఒక లారీ హారన్ కొట్టుకుంటూ వెళ్లింది. ఫోనును అరచేత్తో మూసింది గాని ఆలస్యమైంది.

"లోకా" అంది మోహన. గొంతులో కోపం లేదు, తొందర కూడా లేదు. "నేను స్టూడియోలో నీ కుర్చీలోనే కూసోనుండా. రేపు వీలు కాదని రాజారత్నం సారు ఇవాళే వచ్చినారు. నా పక్కనే ఉండారు. ఫోను స్పీకర్‌లో ఉండాది."

లోకేశ్వరి ఏదో చెప్పబోయింది. ఈలోగా రాజారత్నం గొంతు వినిపించింది, మెల్లగా, బాధపడుతున్నట్టే.

"పాపా, ఇంతకు ముందరే ఈ మోహన నీ గురించి ఒక మాట చెప్పింది, నువ్వే చిత్తూరోళ్లను చూసి చేస్తా ఉండావని. నేను నమ్మలా. నిన్ను పిలిచి అడగకుండా నమ్మకూడదనుకుంటిని. ఇప్పుడు నమ్ముతా ఉండా."